పందెపు గుఱ్ఱములు, వాటి శిక్షకులు, మన తీర్పులు

పాఠశాలా సంచికయందు గుఱ్ఱపు పందెముల ప్రస్తావన యేల యని కొందఱు చదువరులు ముక్కుపై వ్రేలు వేసికొనవచ్చును. పందెము కాయుట తగదని మేము మా విద్యార్థులకు ఏటేట చెప్పుచునే యున్నాము. ఈ వ్యాసముతో ఆ మాటను వెనుకకు దీసికొంటిమని యెవరును అనుకొనరాదు. అయినను చిట్యాలనుండి హైదరాబాదునకు పోవు బాట దిల్‌సుఖ్‌నగరు దాటి మలకుపేట రేసుకోర్సు చెంతనుండియే పట్టణములో ప్రవేశించును. అచ్చటి కూడలికి మన జిల్లాపేరే పెట్టి నల్లగొండ చౌరస్తా యందురు. పనులమీద పోయినవారిలో కొందఱు అచ్చటనే బస్సు దిగుటయు, దిగినవారు మఱునాడు మన రహదారి టీకొట్లలో చూచినదంతయు చెప్పుటయు, ఆ మాటలను మా పదవ తరగతి బాలురు చెవులు నిక్కించి వినుటయు మేమెఱిగిన సంగతులే. విన్నవారు బడికి వచ్చి వాటినే వల్లించుచున్నారు. కావున వాటి మంచిచెడ్డలు విచారించుట మాకు పరాయిపని కాదు.

ఆ సంభాషణలలో గుఱ్ఱములకంటెను, వాటిపై నెక్కు జాకీలకంటెను, వాటిని సిద్ధముచేయు ట్రైనరులను గూర్చిన మాటయే యెక్కువ. ఒకడు “ఆయన చేతిల పడ్డ గుర్రం ఊరికెనె పోదు” అనును. ఇంకొకడు “అదేం లేదే, పోయిన వారం కావాలనే ఆపిండు” అనును. కొంత వయసు మీఱినవాడొకడు బెంగుళూరి రషీద్ బైరాంజీ కాలపు కథలెత్తి, స్క్వాండరరువంటి గుఱ్ఱమును తీర్చిన చేతులు మఱల పుట్టవనును. పిన్నవాడు అడ్డుపడి, జాకీగా పేరు గడించి పిదప ట్రైనరుగాను పేరు గడించిన పెసీ ష్రాఫ్ సంగతి యేమందు రని యడుగును. ఇంతవరకు వినుటకు సొంపుగనే యుండును. పూర్వము మన పెద్దలు మల్లులను గూర్చియు, భాగవతులను గూర్చియు ఇట్లే వాదులాడుకొనెడివారు.

మాకు నచ్చనిది తరువాతి భాగము. తన రూపాయలు పోయిన దినమున ట్రైనరు దొంగ. వచ్చిన దినమున ఆయనయే ఘనుడు. ఒకే మనుష్యుడు ఆదివారమునుండి సోమవారమునకు దొంగయై, మఱుసటి వారమునకు ఘనుడగుట మేము పలుమాఱులు వింటిమి. ఇది మనుష్యుని శీలమును గూర్చిన తీర్పు కాదు, జేబును గూర్చిన తీర్పు. ఇది యొక తప్పు. దీనికి నెదురుగా నున్న మఱియొక తప్పును మేము దీనికంటె పెద్దదిగా నెంచుదుము. అదేమనగా, నిజముగా తప్పుచేసి పట్టువడినవానినిగూడ “అందరు చేస్తరు, దొరికినోడు దొంగ” యని యొక్క మాటతో విడిచిపెట్టుట. నిరపరాధిని దొంగ యనుటకును, దొంగను సామాన్యుడనుటకును జంకని నోటికి తీర్పు చెప్పు శక్తి పోయినదన్న మాటయే.

అసలు ట్రైనరుయొక్క పని యెట్టిదో కొంచెము తెలిసికొందము. హైదరాబాదు రాజ్యమున ఈ పందెములు మొదట మౌలాలిలో జరుగుచుండెడివి. 1886లో ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను వాటిని మలకుపేటకు మార్పించెను. నేటి హైదరాబాదు రేసు క్లబ్బు 1961లో నేర్పడెను. గుఱ్ఱమును కొనువాడు యజమాని. దాని ప్రతిదినపు బ్రతుకంతయు ట్రైనరు చేతిలోనిది. పలువురు యజమానుల గుఱ్ఱములను ఒక్కచోట పెట్టుకొని, తెల్లవాఱకమునుపే వాటిని మైదానమునకు దింపి, దేనిని నడిపింపవలయునో, దేనిని పరుగెత్తింపవలయునో, దేనికి విశ్రాంతి నీయవలయునో ఆయన నిర్ణయించును. మేత యెంత, నాడా యెట్టిది, కాలిలో వేడి పుట్టినదా, నిన్న దాణా మిగిల్చినదా, ఇవి యన్నియు సయీసులు చెప్పగా విని, తానును చేతితో తడవి చూచుకొనవలయును. రెండేండ్ల పిల్లను పందెమునకు దింపుటయా, ఇంకొక ఋతువు ఆగుటయా యని తేల్చునది ఆయనయే. ఏ పందెమున, ఎంత దూరమునకు, ఏ జాకీతో, జాకీకి ఏ యాజ్ఞ యిచ్చి పంపవలయునో అదియు ఆయన పనియే. ఒక మాటలో నోరులేని జంతువునకు ఆయన నోరు. ఈ భాగమును మేము వర్ణించుచుండగా మా తోటి యుపాధ్యాయుడొకరు నవ్వి, “ఇది మన హాస్టలు వార్డెను పనివలెనే యున్నది” అనిరి. అంత దూరము కాదనలేము.

ఈ పనికెంత బరువున్నదో దేశపు అత్యున్నత న్యాయస్థానమే చెప్పియున్నది. 1996లో డాక్టరు కె. ఆర్. లక్ష్మణన్ వ్యాజ్యెమునందు సుప్రీం కోర్టు, గుఱ్ఱపు పందెము కేవలము అదృష్టముపై నాధారపడిన జూదము కాదనియు, నైపుణ్యముపై నాధారపడిన ఆట యనియు తీర్పు చెప్పెను. అందుకు చూపిన కారణములలో ముఖ్యమైనది శిక్షణ. గుఱ్ఱముయొక్క వేగమును ఓర్పును శిక్షణచేత వచ్చునవి, వాటిని తూచి చూచుటకు జ్ఞానము కావలయును, కావున ఇది పాచికలాట వంటిది కాదని తాత్పర్యము. ఆ తీర్పు పందెము కాయుటను పుణ్యకార్యముగా చేయలేదు; చట్టము దండింపని దెల్లను తగినది కాదని మా విద్యార్థులెఱుగుదురు. కాని మేమిచ్చట చూపదలచినది వేఱు. ఈ యాటకు ఆట యను పేరు నిలిచినది శిక్షణయను స్తంభముపై. ట్రైనరు వంచకుడైనయెడల ఆ స్తంభము కూలి, మిగిలినది పాచికలకంటెను హీనమగును. పాచికలైనను ఎవరును వెనుకనుండి త్రిప్పనియెడల సమముగనే పడును గదా!

ఇక టీకొట్టులో నెక్కువగా వినబడు నేరారోపణ “ఆపిండు” అనునది. దీని కొక హేతువు కలదు. పెక్కు పందెములలో బలమైన గుఱ్ఱము ఎక్కువ బరువును, బలహీనమైనది తక్కువ బరువును మోయవలయును. గుఱ్ఱము గెలిచినకొలది బరువు హెచ్చును, ఓడినకొలది తగ్గును. ఒక మాయలమారి కొన్ని దినములు గుఱ్ఱమును సరిగా పరుగెత్తనీయక, బరువు తగ్గినపిదప పెద్ద మొత్తములు కాసిన దినమున విడువవచ్చును. ఇట్లు చేసినవారు లోకమున లేకపోలేదు. అయితే గుఱ్ఱము ఓడుటకు వేఱు కారణము లెన్ని గలవు! వాన కురిసి నేల మెత్తబడవచ్చును. దూరము దానికి తగనిది కావచ్చును. తలుపు తెఱచునప్పుడు బెదరి నాలుగడుగులు వెనుకబడవచ్చును. ముందు రెండు గుఱ్ఱములు కలిసిపోయి దారి మూయవచ్చును. దాని కారోజు మనసు లేకపోవచ్చును. స్టీవార్డులను తీర్పరులు పందెమును పలు ప్రక్కలనుండి తీసిన చిత్రములు చూచి, జాకీని, ట్రైనరును పిలిపించి, విని, అప్పుడుగాని నిర్ణయింపరు. అంత చేసినను వారును పొరపడవచ్చును. అరచేతి వెడల్పు ఫోనులో ఒక్కసారి చూచి, మనుష్యుని బ్రతుకుతెరువును ఒక్క మాటతో తీసివేయుట యెట్టి న్యాయము? పేరు పోయిన ట్రైనరు వద్దనుండి యజమానులు గుఱ్ఱములను తోలుకొని పోవుదురు. ఆయనతోపాటు సయీసుల పొట్టలును కొట్టబడును.

కీర్తి విషయమున న్యాయమెంత కష్టమో తెలుపుటకు ఐర్లండు దేశపు వృత్తాంతమొకటి చెప్పెదము. అచ్చట విన్సెంట్ ఓబ్రియన్ అను ట్రైనరు 1953, 1954, 1955 సంవత్సరములలో వరుసగా మూడు వేర్వేఱు గుఱ్ఱములతో ఇంగ్లండునందలి గ్రాండు నేషనలు పందెమును గెలిచి ప్రసిద్ధి కెక్కెను. అంతలోనే, 1954లో, ఆయన గుఱ్ఱములు కొన్ని ఒకనాడొక విధముగను మఱొకనా డింకొక విధముగను పరుగెత్తినవని మూడు నెలలు అనుమతిపత్రమును తీసివేసిరి. మన టీకొట్టులో “ఆపిండు” అనునది అదియే. 1960లో అంతకంటె పెద్ద యాపద వచ్చెను. చమూర్ అను ఆయన గుఱ్ఱము ఒక చిన్న పందెమును గెలువగా, దాని పరీక్షలో నిషిద్ధమైన మందుయొక్క అల్పాంశము కనబడినదని చెప్పిరి. ఆ మందును ఆయన యిచ్చెననుటకు గాని, ఇప్పించెననుటకు గాని సాక్ష్యము చూపలేదు. అయినను గుఱ్ఱము ఆయన సంరక్షణలోనిది, కావున బాధ్యత ఆయనదే యని పదునెనిమిది నెలలు అనుమతిని తొలగించిరి. గుఱ్ఱశాల ఆయన తమ్ముని పేర నడచెను. కొద్ది వారములకే ఆ చమూరు ఐరిషు డర్బీని గెలిచెను. అప్పుడు మైదానమున గుమిగూడిన జనులు “మాకు విన్సెంటు కావలెను” అని కేకలు వేసిరి. తరువాత శిక్షను ఒక యేటికి తగ్గించిరి. ఆయన తిరిగి వచ్చి, 1962 మొదలు 1982 వఱకు ఎప్సం డర్బీని ఆఱుమాఱులు గెలిచెను.

ఆ జనులు కేకలు వేసినది న్యాయమునకా, తమ యభిమానమునకా? మేము బాలురతో దీనిని శుక్రవారపు వక్తృత్వ సభలో చర్చింపజేసినచో మంచి సభ యగునని తలచుచున్నాము. మా యభిప్రాయ మిది. సాక్ష్యము లేకయే ట్రైనరును బాధ్యుని చేయు నియమము పైకి కఠినముగా తోచును గాని దానియందు వివేకము కలదు. గుఱ్ఱము తన నోటితో “నా కిది పెట్టిరి” అని చెప్పలేదు. రాత్రివేళ కొట్టములో జరిగిన దానికి సాక్షులుండరు. బాధ్యత యెవరిపైనను ఉంచనియెడల ప్రతి ట్రైనరును సయీసును చూపును, ప్రతి సయీసును కాపలావానిని చూపును. తన కొట్టమునకు తాను కాపలా పెట్టుకొనవలసినదే. కాని బాధ్యత వేఱు, వంచన వేఱు. కాపలా తప్పినవానికి కాపలా తప్పినందులకు జరిమానా వేయవచ్చును, గుఱ్ఱముయొక్క గెలుపును తీసివేయవచ్చును. వంచకునికి వేయు శిక్షను, వంచకుడను ముద్రను అతనికి వేయరాదు. 1960లో ఈ రెంటిని కలిపివేసిరని మేమందుము. అమెరికాలో సీబిస్కెట్టు అను ప్రఖ్యాతమైన గుఱ్ఱమును తీర్చిన టాం స్మిత్తు విషయమునను ఇట్టిదే జరిగెను. 1945లో ఆయన పనివాడొకడు ఒక గుఱ్ఱపు ముక్కులో మందు చల్లెనని ఆయనకు ఒక యేడు నిషేధము విధించిరి. 1947లో ఆయన తీర్చిన గుఱ్ఱమే కెంటకీ డర్బీని గెలిచెను. ఆయనను గూర్చిన వాదము మాత్రము గెలుపుతో ముగియలేదు.

ఇప్పుడు దీనికి భిన్నమైన సంగతిని చూడుడు. 2012లో ఇంగ్లండునందు కామెలాట్ అను గుఱ్ఱము రెండు గొప్ప పందెములను గెలిచి, మూడవదియైన సెయింట్ లెజరు పందెమునకు వచ్చెను. మూడును గెలిచిన గుఱ్ఱము 1970లో నిజిన్స్కీ తరువాత మఱి లేదు. నిజిన్స్కీని తీర్చినది మనము పైన చెప్పిన విన్సెంట్ ఓబ్రియనే. కామెలాట్టును తీర్చినది అదే గుఱ్ఱశాలలో తరువాత కుదిరిన ఏడన్ ఓబ్రియను, ఇంటిపేరు ఒకటే గాని బంధువు కాడు. కామెలాట్టు ముప్పాతిక నిడివిలో ఓడిపోయెను. గెలిచినది ఎంకే యనునది. దాని ట్రైనరు మహమూద్ అల్ జరూనీ. జనులు ఆయనను పొగడిరి. 2013 ఏప్రిలులో ఆయన గుఱ్ఱములు పదునొకండింటిలో కండలు పెంచు నిషిద్ధౌషధములు బయటపడెను. ఆయన తప్పు నొప్పుకొనగా ఎనిమిదేండ్లు నిషేధించిరి. మఱికొన్ని వారములకు ఎంకే పరీక్షలోను అట్టిదే తేలినది. సెయింట్ లెజరు ఫలితము మాత్రము మారలేదు. అది నేటికిని ఎంకే పేరనే యున్నది.

ఇచ్చట “అందరు చేస్తరు” అనువానిని మే మొక ప్రశ్న యడుగుదుము. అందఱును చేయుచున్నచో, చేయక ఓడినవా డెవడు? పట్టువడినవానిపై జాలి చూపుటలో మనము అతనితో పోటీ పడి, మందు పెట్టక, ఉన్న బలముతోనే గుఱ్ఱమును పరుగెత్తించి, ఓటమిని నెత్తిన పెట్టుకొని యింటికి పోయినవానిని మఱచుచున్నాము. అతని పేరు పత్రికలలో రాదు. పరీక్షలలో చీటీలు పెట్టుకొని వ్రాసినవానికి మొదటి తరగతి వచ్చి, పెట్టుకొననివానికి మూడవ తరగతి వచ్చిన సంగతి మా విద్యార్థులకు చెప్పనక్కఱలేదు. మందు తిన్న గుఱ్ఱమునకును కలుగు హాని వేఱు. నొప్పి తెలియకుండ చేసిన కాలు నొప్పి లేదనుకొని పరుగెత్తును, విరిగినపిదపనే తెలియును. కూలిన గుఱ్ఱము క్రింద జాకీయు నుండును.

ఇంకొక విధమైన వాదము 2021లో బయలుదేరెను. ఐర్లండునందలి గార్డన్ ఎలియట్ అను ట్రైనరు, 2018, 2019 సంవత్సరములలో టైగర్ రోల్ గుఱ్ఱముతో గ్రాండు నేషనలు గెలిచినవాడు, చచ్చిపడియున్న గుఱ్ఱముపై కూర్చుండి ఫోనులో మాటలాడుచున్న చిత్రమొకటి లోకమంతట వ్యాపించెను. అధికారులు ఆయనను పండ్రెండు నెలలు నిషేధించి, అందులో ఆఱు నెలలు అమలు నిలిపివైచిరి. అభిమానులు రెండుగా చీలిరి. గుఱ్ఱము గుండె ఆగి చనిపోయినది, ఆయన చంపలేదు, ఎవరి సొమ్మును పోలేదు, ఏ పందెమును చెడలేదు, మఱి తప్పేమని కొందఱు. ఆ చూచిన చూపులోనే తప్పున్నదని కొందఱు. మేము రెండవవారి పక్షము. ఇందుకు మాకు ఐర్లండు దాక పోనక్కఱలేదు. మన జిల్లాలో జాతరలయందు ఎడ్లచేత బండ లాగించు పోటీలు జరుగును. నిర్ణీత కాలములో ఏ జత బండను ఎంత దూరము లాగినదో కొలుతురు. ఆ పోటీలకు వచ్చు రైతులలో ఎవరిని గౌరవింతురో చూచితిరా? బహుమానము గెలిచినవానిని చూచి చప్పట్లు కొట్టుదురు, నిజమే. కాని పెద్దరైతులు మెల్లగా జత దగ్గఱకు పోయి, వీపులు నిమిరి, తొడలపై ములుకోల పోట్లున్నవేమో చూచి, కాడి దింపగానే యజమాని ముందుగా తాను నీళ్లు త్రాగెనా, ఎడ్లకు పట్టెనా యని కనిపెట్టి, అప్పుడు తలయూపుదురు. అట్టి తలయూపు దొరకని బహుమానములు మేము కొన్నింటిని చూచితిమి.

ట్రైనరుల కీర్తిని కొలుచుటకు ఈ పెద్దరైతుల కన్నులే మాకు నమ్మకమైనవి. ఎన్ని కప్పులు గెలిచెనని యడుగువారు పెక్కుమంది. గుఱ్ఱము కుంటుచున్న దినమున, యజమాని ఒత్తిడి చేసినను, పేరు వెనుకకు తీసికొనెనా? ఓడినప్పుడు జాకీపై నెపము వేసెనా, లేక తన లెక్క తప్పినదనెనా? గెలిచినవాని చేయి పట్టుకొని అభినందించెనా? సయీసుల జీతములు నెలనెల ముట్టినవా? ఇట్టివి తెలిసికొనుట కష్టము; కష్టము గనుకనే తెలియని దినమున నోరు మూసికొనవలయును. తెలిసిన దినమున, మన కాయన యెన్ని మాఱులు డబ్బు సంపాదించి పెట్టినను, నోరు తెఱవవలయును.

పందెములు ముగిసిన తరువాతి మాట యొకటి మిగిలినది. 2025లో హైదరాబాదునుండి 57 గుఱ్ఱములను మధ్యప్రదేశమందలి జబల్పూరునకు తరలింపగా, వాటిలో పలు గుఱ్ఱములు అచ్చట చనిపోయెను. ఆ సంగతి ఆ రాష్ట్రపు హైకోర్టువఱకు పోయెను. ఎవరి తప్పు ఎంతయో తేల్చుట న్యాయస్థానముల పని గాని మా పని కాదు. ఆ వార్త పత్రికలలో వచ్చిన వారములలో మన రహదారి టీకొట్లలో ట్రైనరులను గూర్చిన వాదము ఎప్పటివలెనే సాగెను. ఏ ట్రైనరు గుఱ్ఱము ఎన్ని పందెములు గెలిచినదో వారికి కంఠస్థము. పరుగెత్తలేని గుఱ్ఱములు కొట్టమునుండి ఎచ్చటికి పోవుచున్నవని మా బాలు డొకడు వారిని అడిగెనట. ఎవరును చెప్పలేక పోయిరట. వాడు వచ్చి మమ్మడిగెను. కొన్నింటిని సంతానమునకై పెంపకశాలలకు పంపుదురనియు, కొన్ని స్వారీ నేర్పు బడులకు పోవుననియు చెప్పితిమి. మిగిలినవి యని వాడు మఱల నడిగెను. ప్రతి ట్రైనరును తన చేతిని విడిచిన గుఱ్ఱము ఎవరికి పోయెనో, ఎచ్చట నున్నదో క్లబ్బునకు ఏటేట వ్రాతమూలముగా తెలుపవలయుననియు, ఆ పట్టికను పందెపు ఫలితములతోపాటు అందఱు చదువునట్లు ప్రకటింపవలయుననియు మా కోరిక. మలకుపేటలో అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దక్కను డర్బీ జరుగు వాడుక గలదు. ఆ పట్టికను మొదట ప్రకటించుటకు ఆ దినము తగియున్నది.